పెరటిలోని భూతయజ్ఞం

గృహస్థునికి విహితమైన పంచమహాయజ్ఞాలలో నాలుగింటిని గురించి ఆస్తికలోకంలో ప్రసంగాలు తరచుగా వినవస్తాయి. బ్రహ్మయజ్ఞానికి పారాయణం, దేవయజ్ఞానికి అర్చన, పితృయజ్ఞానికి తర్పణం, మనుష్యయజ్ఞానికి అతిథిసేవ ఏదో ఒక రూపంలో నేటికీ నిలిచి ఉన్నాయి. అయిదవదైన భూతయజ్ఞం మాత్రం కాకికి పెట్టే పిడికెడు మెతుకుల వద్ద, గోవు నోటికి అందించే అరటిపండు వద్ద ఆగిపోయినది. అది తప్పు కాదు, చాలదు. ఇంటి చుట్టూ ఉన్న నేలలో ఏ మొక్క నాటాలి, ఏది పెరికివేయాలి, పూచిన పూవులలో ఎన్ని కోయాలి అన్న ప్రశ్నలు ఈనాడు అలంకారానికి, వాస్తుకు, నర్సరీ యజమాని సలహాకు సంబంధించినవిగా మిగిలిపోయాయి. నిజానికి అవి భూతయజ్ఞానికి సంబంధించిన ప్రశ్నలు. చీమ మొదలు పక్షి వరకు ఆ ఇంటిని ఆశ్రయించిన ప్రాణులకు గృహస్థుడు పెట్టగల నిత్యాన్నం అతని పెరటిలోనే ఉన్నది.

బృహదారణ్యకోపనిషత్తు ద్వితీయాధ్యాయంలో దధ్యఙ్ఙాథర్వణుడు అశ్వినీదేవతలకు ఉపదేశించిన మధువిద్య ఉన్నది. ఈ భూమి సర్వభూతాలకు మధువు, సర్వభూతాలు ఈ భూమికి మధువు అన్నది దాని ప్రారంభం. నీరు, అగ్ని, వాయువు, ఆదిత్యుడు, దిక్కులు, చంద్రుడు అంటూ అదే వాక్యం వరుసగా సాగుతుంది. శ్రీ శంకరభగవత్పాదులు ఇచట భాష్యం చెప్పుతూ తేనెపట్టును దృష్టాంతంగా గ్రహించారు. అనేక మధుకరాలు కలసి ఒక పట్టును నిర్మించినట్లుగా సర్వభూతాల చేత ఈ పృథివి నిర్మితమైనదని, వాటి మధ్య ఉపకార్యోపకారకభావం ఉన్నదని వారి వివరణ. ఒక దృష్టాంతం మనస్సులో నిలవాలంటే దృష్టాంతవస్తువు కంటికి కనబడాలి. తేనెపట్టు ఎన్నడూ చూడని శిశువుకు మధువిద్య ఎట్లా చెప్పగలరు? నగరాలలోని అపార్ట్‌మెంటు సముదాయాలలో ఈ ప్రశ్న ఊహామాత్రం కాదు.

తెల్లవారుజామున ఏ కాలనీలో చూచినా ఒక దృశ్యం సాధారణం. చేత ఒక సంచి, కొసన కొక్కెం గల కర్ర పట్టుకొని వాకింగుకు బయలుదేరిన పెద్దలు, ప్రహరీల మీదుగా వీధిలోనికి వంగిన కొమ్మలన్నింటినీ ఖాళీ చేసి పోతారు. ఇంటివారు మేలుకొనే వేళకు మొగ్గ కూడా మిగలదు. దేవతార్చనకు కోసిన పూవు చౌర్యం కాదని వారి సమాధానం. ఆ సమాధానానికి ప్రమాణం లేకపోలేదు. గోవు కొరకు, అగ్ని కొరకు గడ్డిని, సమిధలను, లతావృక్షాల పుష్పాలను తనవిగానే భావించి గ్రహించవచ్చునని గౌతమ ధర్మసూత్రం అనుమతించినది. పండ్ల విషయంలో మాత్రం కంచె లేని చెట్లవి అన్న నియమం చేర్చినది. అయితే ఆ సూత్రం పుట్టిన కాలంలో గ్రామాన్ని ఆనుకొని అరణ్యం ఉండేది. ఒక కొమ్మ పూలు దేవునికి పోతే వంద కొమ్మల పూలు తుమ్మెదకు మిగిలేవి. నాలుగు మందారపు మొక్కలే వీధి మొత్తానికి దిక్కైన చోట ఆ అనుమతిని చెల్లింపజేసుకొనడం సూత్రకారునికి అన్యాయం చేయడమే.

పరుల పెరటి మాట అటుంచి, తన పెరటిలో తాను కోసుకొనేవారికీ ఇది వర్తిస్తుంది. మందారం ఉదయం విచ్చి సాయంకాలానికి వాడిపోయే పూవు. సూర్యోదయానికి ముందే చెట్టంతా కోసివేస్తే తేనెపిట్టకు ఆ దినం ఉపవాసమే. గీత తృతీయాధ్యాయంలో, దేవతలు ఇచ్చినదానిని వారికి తిరిగి సమర్పించక అనుభవించేవానికి భగవానుడు వాడిన పదం కఠినమైనది: స్తేనుడు, అనగా దొంగ. పూలసంచి పట్టినవారు ఆ శ్లోకాన్ని కూడా పారాయణంలో చదువుతూనే ఉంటారు. భాగవతం ఏకాదశస్కంధంలో అవధూత తన ఇరువది నలుగురు గురువులలో మధుకరాన్ని ఒకటిగా చెప్పినాడు. ఏ పూవునూ నొప్పింపక అల్పాల్పంగా గ్రహించడం దాని వద్ద నేర్చిన పాఠం. వేదవిద్యార్థులు ఇంటింటికీ వెళ్ళి పిడికెడు పిడికెడు అన్నం యాచించి చదువుకొనడాన్ని తెలుగువారు మధూకరం అన్నారు. ఏ ఇంటా కుండ ఖాళీ చేయకపోవడమే ఆ వృత్తికి ప్రాణం. పూచినదానిలో సగమైనా మొక్కపై విడిచిపెట్టడం ఆ వృత్తికి ఇంటి ముంగిట అన్వయం.

తుమ్మెద వాలిన పూవు ఎంగిలి కాదా అని శంకించేవారు కొందరున్నారు. ఈ శంకకు సంప్రదాయమే సమాధానం చెప్పినది. దూడ కుడిచి విడిచిన పాలు, శివుని నిర్మాల్యమైన గంగ, ఈగలు కక్కిన తేనె, పురుగు శవవస్త్రమైన పట్టు, కాకిరెట్టలో మొలిచిన రావి అనే అయిదూ పరమపవిత్రాలని ఒక ప్రసిద్ధ సుభాషితం. ఆ పట్టికను నిదానంగా పరిశీలిస్తే అయిదింటిలో నాలుగు ఏదో ఒక ప్రాణి స్పర్శ వల్లనే కలిగినవి. ప్రాణిస్పర్శ లేని పూవును మాత్రమే దేవునికి ఇవ్వాలన్న పట్టుదల శౌచం కన్న అపనమ్మకానికే దగ్గర.

ఈ వివాదమే తలెత్తని మొక్కలు రెండు పెరటి పరిమాణంలోనే ఉన్నాయి. మొదటిది పారిజాతం. సంధ్యవేళ విచ్చి, రాత్రి అంతా పరిమళించి, నిశాచరకీటకాలకు ఆతిథ్యమిచ్చి, తెల్లవారేసరికి నారింజరంగు తొడిమతో నేల రాలుతుంది. ఏ పూవైనా నేల రాలితే అర్చనకు పనికిరాదనే ఆచారం పారిజాతానికి మినహాయింపు ఇచ్చినది. ఆ మినహాయింపులోని ఔచిత్యం అపూర్వం. చెట్టుకు గర్భధారణ కార్యం రాత్రే ముగిసినది, రాలినది దాని నిర్మాల్యం, దానినే భక్తుడు ఏరుకొంటాడు. దేవునికీ, చెట్టుకూ, చిమ్మటకూ ఎవరి భాగం వారికి చేరినది. రెండవది పొగడ, సంస్కృతకవుల వకుళం. చిన్న నక్షత్రాల వంటి దాని పూలు కూడా తమంత తామే రాలుతాయి, ఎండిన పిదప సైతం పరిమళం విడువవు. పొగడ నెమ్మదిగా పెరుగుతుంది. కాని ఒకసారి నిలదొక్కుకొన్నదంటే సంవత్సరం పొడుగునా ఆకురాల్చని దట్టమైన నీడ ఇస్తుంది. తొందరపడే గృహస్థుడు దీనిని నాటడు. తన మనుమలకు నీడ కావాలనుకొన్నవాడు నాటుతాడు.

పూలపొదల ఎంపికలో భక్తులు ఎరుగకుండానే చేసే లోపం ఒకటి ఉన్నది. అది ముద్దపూల మీది మోజు. ముద్దమందారం, ముద్దనందివర్ధనం చూపునకు నిండుగా ఉంటాయి. ఆ నిండుదనం ఎక్కడ నుండి వచ్చినదో గమనించాలి. పుప్పొడిని మోయవలసిన కేసరాలే రేకులుగా మారిపోయినందున ఆ పూవుకు అన్ని రేకులు. ఫలితంగా పుప్పొడి కొరవడుతుంది, తేనె ఉన్నచోటికి దారి మూసుకొనిపోతుంది. తేనెటీగకు అది అన్నం లేని విస్తరి. ఒంటిరెక్క మందారం, ఒంటిరెక్క నందివర్ధనం అర్చనకు ఏమాత్రం తక్కువ కావు. ముద్దపూవు ఇష్టమైనవారు ఒక మొక్క ఉంచుకొని, దాని ప్రక్కన ఒంటిరెక్క పొదలు మూడు నాటితే చాలు. గన్నేరు విషయం వేరు: ఆ పూవులో మకరందమే ఉండదు, కీటకాలను వర్ణగంధాలతో భ్రమింపజేసి తన పని జరిపించుకొంటుంది. పైగా ఆకు నుండి వేరు వరకు అంతా విషం. కరవీరానికి అర్చనలో ఉన్న స్థానం కాదనరానిది, కాని పసిపిల్లలున్న ఇంట దానిని పొలిమేరకే పరిమితం చేయడం వివేకం. నూరువరహాల పూలగుత్తి దీనికి భిన్నం. సన్నని పొడుగాటి గొట్టాలలో తేనె దాచుకొని, పొడవైన తుండం గల సీతాకోకచిలుకలకు మాత్రమే అందిస్తుంది.

తులసి సంగతి చెప్పకుండా ముందుకు పోరాదు. ఆకులు విరివిగా రావాలని మంజరులను ఎప్పటికప్పుడు తుంచివేయడం వాడుక. వ్యవసాయదృష్టితో అది సరియైనదే. అయితే పూచిన తులసి చుట్టూ చిన్న తేనెటీగలు ఎట్లా ముసురుతాయో చూచినవారు రెండవ తులసిని విడిగా పెంచక మానరు. కోటలోని తులసి అర్చనకు, గోడవారనున్న తులసి మధుకరాలకు. రుద్రజడ, అనగా సబ్జా గింజల మొక్క, ఇదే కుటుంబానికి చెందినది. కుండీలో సైతం పెరుగుతుంది. నేల లేని ఫ్లాటువాసులు ఈ రెండింటితో, ఒక కరివేప కుండీతో భూతయజ్ఞం ఆరంభించవచ్చు.

ఏ మొక్కలు నాటాలో తెలియనివారికి సిద్ధమైన పట్టిక వరసిద్ధి వినాయక వ్రతకల్పంలోనే ఉన్నది. ఏకవింశతి పత్రపూజలోని పేర్లను ఒకసారి వృక్షశాస్త్రదృష్టితో చదవాలి. వాకుడు, ఉమ్మెత్త, ఉత్తరేణి వంటి కలుపుమొక్కలు, గరిక, విష్ణుక్రాంతం వంటి నేలతీగ, జాజి, వావిలి, మరువం, దానిమ్మ, రేగు, మామిడి, మారేడు, జమ్మి, మద్ది, రావి వంటి మహావృక్షాలు. నేలను పాకేవాటి నుండి ఆకాశాన్ని అంటేవాటి వరకు అన్ని అంతరువులూ ఇందులో ఉన్నాయి. ఒక ప్రాంతపు జీవవైవిధ్యాన్ని ఇంతకన్న సంగ్రహంగా చెప్పిన గృహస్థవ్రతం మరొకటి అరుదు. ఏటా చవితి ముందు రోజు సంతలో పత్రి కట్ట కొని, అందులో ఏది ఏదో తెలియక, పేరు చదివినప్పుడు చేతికి వచ్చిన ఆకు వేసే పూజ ఆ వ్రతానికి నీడ మాత్రమే. ఆ కట్టల కోసం గుట్టలు, పొలిమేరలు బోడి అవుతున్నాయి. ఇరువది ఒకటింటిలో ఏడెనిమిది పెరటిలోనే పెంచవచ్చు. ముఖ్యంగా వావిలి: కొమ్మ గుచ్చితే నాటుకొంటుంది, కంచెగా నిలుస్తుంది, నీలిరంగు పూగుత్తులపై తేనెటీగలు రోజంతా వాలుతూనే ఉంటాయి, ఆకు పురిటిస్నానాలకు, నొప్పులకు పెద్దలు వాడినదే. అటువంటి మొక్కను కాదని రంగాకుల విదేశీ పొదను కంచెగా నాటేవారి అభిరుచిని మెచ్చుకొనడం కష్టం.

నీడచెట్టు విషయానికి వస్తే మొదట ఎదురయ్యేది వాస్తుభయం. ముళ్ళచెట్టు శత్రుభయమని, పాలుగారే చెట్టు అర్థనాశమని, ఫలవృక్షం సంతానక్షయమని చెప్పి పచ్చని చెట్లను నరికించే సలహాదారులు ఊరూరా ఉన్నారు. వీరు ఉదహరించే వరాహమిహిరుని బృహత్సంహితలో ఆ మాట ఉన్నది, నిజమే. దాని వెంటనే ఉన్న మాటను వీరు చెప్పరు. అటువంటి చెట్లను నరకనిచో వాటి మధ్య పున్నాగం, అశోకం, వేప, వకుళం, పనస, శమి, సాలం వంటి పూజ్యవృక్షాలు నాటవలెనని ఆచార్యుడు పరిహారం చెప్పినాడు. దోషానికి విరుగుడు గొడ్డలి ఒక్కటే కాదు, మరొక మొక్క కూడా. ఆ పట్టికలో ఇంకొక విశేషం: శమికి ముళ్ళున్నాయి, పనసకు పాలూ ఉన్నాయి, ఫలమూ ఉన్నది. దోషలక్షణాలు గలవాటినే పరిహారంగా చెప్పిన గ్రంథాన్ని యాంత్రికంగా చదవరాదని గ్రంథమే హెచ్చరిస్తున్నట్లున్నది. జమ్మిని రాష్ట్రవృక్షంగా గౌరవించే తెలంగాణలో, వేపను రాష్ట్రవృక్షంగా నిలుపుకొన్న ఆంధ్రప్రదేశ్‌లో ఈ భయం ఇంతగా వ్యాపించడం విచారకరం.

అదే గ్రంథంలోని వృక్షాయుర్వేదాధ్యాయం, ఉద్యానంలోనైనా ఇంటనైనా ముందుగా వేప, అశోకం, పున్నాగం, శిరీషం, ప్రియంగువు నాటడం మంగళకరమంటుంది. చెట్టుకూ చెట్టుకూ నడుమ ఇరువది హస్తాలు ఉత్తమం, పదహారు మధ్యమం, పన్నెండు అధమమని, దగ్గరగా నాటిన చెట్లు వేళ్ళు పెనవేసుకొని సరిగా ఫలింపవని కూడా చెప్పినది. హస్తాన్ని అడుగున్నరగా లెక్కిస్తే అవి 30, 24, 18 అడుగులు. నేటి 200 గజాల స్థలం సుమారు 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. అందులో ఇల్లు పోను మిగిలే నేలలో పెద్దచెట్టు ఒక్కదానికే చోటు. నర్సరీ నుండి ఆరు మహావృక్షాల మొక్కలు తెచ్చి గోడవెంట రెండేసి అడుగుల ఎడంలో నాటి, అయిదేళ్ళకు నాలుగింటిని నరికించడం ఉత్సాహమే గాని వృక్షసేవ కాదు. ఒక్కటే నాటదలచినవారు పడమటి ఎండ తగిలే దిక్కున కానుగనో వేపనో ఎన్నుకొంటే ఇంటికి చల్లదనం, వసంతాంతంలో తేనెటీగలకు నిండు విస్తరి. తీరప్రాంతంలో పొన్న ఉప్పుగాలికి తట్టుకొంటుంది. స్థలం మరీ చిన్నదైతే మునగ, ఉసిరి, నిమ్మ, దానిమ్మ, కరివేప చాలు. మునగపూతపై కీటకాల సందడి ఎరుగని తెలుగు పెరడు లేదు. నీరు సమృద్ధిగా ఉన్నచోట కొబ్బరి సంవత్సరమంతా పూస్తూనే ఉంటుంది. ఇతర పూలు లేని నెలల్లో ఆ పూగెలే ఈగలకు ఆధారం.

ఈ పట్టికలోని అశోకాన్ని గురించి ఒక హెచ్చరిక అవసరం. గేటుకు ఇరువైపులా నిటారుగా పెరిగే ఆకుపచ్చ స్తంభాలను లోకం అశోకచెట్లంటున్నది. అవి నరమామిడి చెట్లు, వేరొక కుటుంబానివి. సీతాదేవి శింశుపావృక్షం క్రింద కూర్చున్న వనానికి పేరిచ్చిన అశోకం వేరు. దాని పూలకు రేకులే ఉండవు. రక్షకపత్రాలే పసుపు నుండి నారింజకు, ఎరుపుకు మారుతూ గుత్తులుగా కాండాన్ని అంటుకొని పూస్తాయి. అడవులలో ఇది తరిగిపోతున్న జాతి. అర్ధచ్ఛాయ, నేలలో తేమ కోరుతుంది గనుక అనంతపురం మెట్టనేలలో బలవంతంగా పెంచనక్కరలేదు. గోదావరి తీరపు పెరళ్ళకు ఇంతకన్న శోభ లేదు. కొనేటప్పుడు ఆకు చూచి, పేరు నిర్ధారించుకొని కొనాలి.

ఒకే జాతిని మూకుమ్మడిగా నాటడం మరొక వ్యాధి. కోనోకార్పస్ అనే విదేశీ వృక్షం త్వరగా పెరుగుతుందని, పశువులు ముట్టవని రహదారుల మధ్యా, ప్రహరీల వెంబడీ పచ్చని గోడలా పెంచినారు. వేళ్ళు భూగర్భపు గొట్టాలను ఛేదించడం, పుప్పొడి వల్ల శ్వాసబాధలు అన్న ఫిర్యాదులు వచ్చిన పిదప గుజరాత్ ప్రభుత్వం 2023లో దాని నాటకాన్ని నిషేధించినది. ఇంటింటా దానిని నాటుకొన్నవారికి ఇంకా ఆ వార్త చేరినట్లు లేదు. స్వదేశీవృక్షమైనంత మాత్రాన ఈ దోషం తొలగదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నపు చెట్లను నేలకూల్చిన తరువాత త్వరగా ఎదిగే సప్తపర్ణిని అక్కడ విరివిగా నాటినారు. ఇప్పుడు శరత్కాలపు సాయంత్రాలలో ఆ ఘాటు వాసన భరించలేమని నగరవాసులు వాపోతున్నారు. రఘువంశంలో కాళిదాసు ఈ పూల గంధాన్ని ఏనుగు మదజలపు వాసనతో పోల్చినాడు. కవి మాటను పట్టించుకొన్నవారు ఆ చెట్టును వీధికొకటి నాటుదురు గాని, పదేసి అడుగులకొకటి నాటి ఉండరు.

రావి, మర్రి, మేడి ఇంటి ఆవరణకు తగినవి కావు; వాటి వేళ్ళకు పునాదులు ఆగవు. వాటి స్థానం ఆలయప్రాంగణం, చెరువుకట్ట, ఊరి రచ్చబండ. రావికి వేపకు వివాహం చేసి ఒకే అరుగుపై నిలిపిన గ్రామస్థులు ఈ సంగతి ఎరిగినవారే. అయితే ఆ వృక్షాలను ఇంట పెంచలేకపోయినా వాటి ఆంతర్యాన్ని తెలిసికొనడం సాధకునికి లాభం. వీటి పూలు బయటికి కనబడవు. కాయ లోపలే పూస్తాయి. ప్రపంచంలో ఈ జాతులు 700కు పైగా ఉంటే, దాదాపు ప్రతి జాతికీ తనదైన సూక్ష్మ కందిరీగ ఉన్నది. అది కాయకొనన గల ఇరుకు రంధ్రంలో రెక్కలు పోగొట్టుకొంటూ దూరి, లోపలి పూలకు పుప్పొడి అంటించి, గుడ్లు పెట్టి అక్కడే మరణిస్తుంది. ఆ కందిరీగ లేని దేశానికి మర్రిని తీసుకొనిపోతే చెట్టు పెరుగుతుంది గాని మొలకెత్తే గింజ ఏర్పడదు. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు మర్రిపండు తెప్పించి, గింజను పగులగొట్టించి, అందులో ఏమి కనబడుతున్నదని కుమారుని అడుగుతాడు. ఏమీ లేదంటాడు శ్వేతకేతువు. ఉపనిషత్తుకు కీటకశాస్త్రం ముందే తెలుసునని వాదించనక్కరలేదు. అటువంటి వాదాలు ఉపనిషత్తు గౌరవాన్ని పెంచవు, తగ్గిస్తాయి. కాని శ్వేతకేతువు చేతిలోని ఆ గింజ ఒక ఈగ ప్రాణదానం వల్ల కలిగినదని తెలిసిన తరువాత, మేడిపండు విప్పి లోపలి పురుగును చూచి ఏవగించుకొనడం అంత సులభం కాదు.

పురుగు ప్రసక్తి రాగానే భక్తులలోనూ సౌమ్యత సన్నగిల్లుతుంది. సీతాకోకచిలుక రావాలి, గొంగళిపురుగు మాత్రం రాకూడదు! నిమ్మ, కరివేప మొక్కల లేతాకులపై మొదట పక్షిరెట్టలా, పిదప ఆకుపచ్చగా కనబడే పురుగులే పెద్ద నల్లరెక్కల సీతాకోకచిలుకలుగా మారతాయి. కరివేప కొన్ని ఆకులు పోగొట్టుకొని మళ్ళీ చిగురిస్తుంది. రేల, తంగేడు ఆకులు లేతపసుపు సీతాకోకచిలుకల సంతానానికి ఆహారం. రథసప్తమినాడు శిరస్సున ధరించే జిల్లేడాకు నారింజరెక్కల చిలుకకు పుట్టినిల్లు. జిల్లేడుపాలలోని విషాన్ని తన శరీరంలో దాచుకొని పక్షుల నుండి అది ఆత్మరక్షణ చేసికొంటుంది. ఆ పాలు మనిషి కంటికి హానికరం గనుక జిల్లేడును పిల్లలు తిరిగే దారికి దూరంగా ఉంచాలి. పెరికివేయడం మాత్రం అనవసరం.

పూజకు పెంచే మందారంపై పిండినల్లి కనబడగానే ఇమిడాక్లోప్రిడ్ పిచికారీ చేసేవారు ఎందరో ఉన్నారు. ఆ మందు మొక్క రసమంతటా వ్యాపించి పుప్పొడిలోనికి, మకరందంలోనికి చేరుతుంది. ఈ వర్గానికి చెందిన మూడు మందులను ఆరుబయట వాడరాదని యూరోపియన్ యూనియన్ 2018లో నిషేధించినది, తేనెటీగల రక్షణ కొరకే. విషం నిండిన పూవుతో అహింసాస్వరూపుని అర్చించడంలోని వైరుధ్యాన్ని వేరుగా వివరించనక్కరలేదు. పలుచని సబ్బునీరు, నీటిధార, చీడపట్టిన కొమ్మను కత్తిరించడం పెరటి మొక్కకు చాలినంత వైద్యం. వేపనూనె వాడదలచినా సాయంకాలం, పూలపై పడకుండా, ఆకుల అడుగున మాత్రమే వాడాలి.

విదేశాలలోని తెలుగు గృహస్థులకు ఈ ధర్మం మరొక రూపంలో ఎదురవుతుంది. టెక్సాస్‌లో ఇల్లు కొన్నవారు కరివేపను, మల్లెను కుండీలలో పెంచి చలికాలంలో ఇంటిలోనికి తెచ్చుకొంటారు. అది ముచ్చట, తప్పు లేదు. బయట ఉన్న విశాలమైన పచ్చికబయలు మాత్రం వారంవారం కోతకే గాని ఏ ప్రాణికీ అన్నం పెట్టదు. అక్కడ జిల్లేడుకు దగ్గర బంధువైన మిల్క్‌వీడ్ ఉన్నది. దాని ఆకు తిని పెరిగే మోనార్క్ సీతాకోకచిలుక, జిల్లేడుపై పెరిగే తెలుగునాటి చిలుకకు సోదరజాతి. దుకాణాలలో విరివిగా అమ్మే ఎర్రపూల ఉష్ణమండలపు మిల్క్‌వీడ్ కాక, ఆ ప్రాంతపు సహజజాతిని నాటాలి. వెచ్చని చలికాలాలలో ఎండిపోని మొదటిదానిపై సీతాకోకచిలుకలను పీడించే పరాన్నజీవి పేరుకొంటుంది. గీత పదిహేడవ అధ్యాయం సాత్త్వికదానానికి దేశం, కాలం, పాత్రం చూడమన్నది. నాటే చేయి ఏ దేశానిదన్నది కాదు, నాటిన నేల ఏ దేశానిదన్నదే ఇక్కడి విచారణ. తెలుగునేలపై లాంటానా విషయంలోనూ ఇదే తీర్పు. దానిపై సీతాకోకచిలుకలు వాలుతాయి, సందేహం లేదు. అమెరికా నుండి వచ్చి అడవులను ఆక్రమించిన ఆ పొదను అందుకోసం పెరటికి పిలువరాదు.

ఇక నేల సంగతి. మొక్కలన్నీ సరిగా ఎన్నుకొని, మిగిలిన ప్రతి అడుగునూ టైల్సుతో కప్పివేసిన ఇండ్లున్నాయి. తేనెటీగజాతులలో అధికభాగం పట్టు పెట్టవు. ఒంటరిగా మట్టిలో బొరియ చేసికొని జీవిస్తాయి. తులసికోట చుట్టూ ముగ్గుకు కావలసినంత మేర అలికి, ఒక మూల నాలుగడుగుల మట్టిని తవ్వక, కప్పక విడిచిపెడితే వాటికి అదే గృహప్రవేశం. పై అంతస్తు చూరుకు పెద్ద తేనెపట్టు పట్టినప్పుడు పొగపెట్టి, మందు కొట్టి చంపించడం అపార్ట్‌మెంట్లలో సాధారణమైపోయినది. ఆ పెద్ద తేనెటీగలు ఋతువును బట్టి వలసపోయేవి; జనసంచారం లేనిచోట కొన్ని మాసాలు ఓర్చుకొంటే తామే వెళ్ళిపోతాయి. కుట్టితే ప్రాణాపాయం గలవారు ఉన్నచోట, పాఠశాలల్లో, చంపకుండా తరలించగలవారిని పిలిపించాలి.

కావ్యాలలోని తుమ్మెద కూడా ఒక తేనెటీగే. నల్లని నిగనిగలాడే ఆ ప్రాణి ఎండిన కొమ్మలో, వెదురుబొంగులో గుండ్రని రంధ్రం తొలిచి తన సంతానాన్ని పెంచుతుంది. తంగేడు, రేల పూలను పట్టుకొని శరీరాన్ని కంపింపజేసి పుప్పొడి రాల్చగలిగేది ఇటువంటి బలిష్ఠమైన ఈగలే. అది ఝంకరించే ధ్వనిలో ఆ పని కూడా ఉన్నది. పెరటి శుభ్రత పేరిట ప్రతి ఎండుకొమ్మనూ వెంటనే నరికించి పోగుచేసి కాల్చేవారు దాని ఇంటిని కూడా కాలుస్తున్నారు. మునగచెట్టున ఒక కొమ్మ ఎండి, ఇంటికప్పుకూ నడిచే దారికీ దూరంగా ఉన్నదైతే, దానిని మరొక ఏడు అట్లాగే ఉండనివ్వవచ్చు.